యంత్రమునకు తూనిక



యంత్రము మేలా, కీడా యని పఠనమందిరములలో వాదములు జరుగుచునే యున్నవి. ఉప్పలు, నాచారము వాసులు ఈ వాదమును మాటలతో గాక లెక్కతో తీర్చుకొనుచున్నారు.

2017 నవంబరులో ఉప్పలునకు మెట్రో రైలు వచ్చెను. వీథుల రద్దీకి చిక్కక అది వేళకు గమ్యము చేర్చును. ఇది గొప్ప మేలు. కాని ఆదిలో 60 రూపాయలుగా నుండిన గరిష్ఠ రుసుము 2025 మే నెలలో, రాయితీ పోగా, 69 రూపాయలయ్యెను. పైగా నాచారము పారిశ్రామికవాడకు ఆ రైలు పోదు. కార్మికుడు హబ్సిగూడలో దిగి మరల ఆటోకు చెల్లింపవలెను.

2023 డిసెంబరు 9వ తేదీన ఆర్టీసీ బస్సులలో స్త్రీలకు ఉచితప్రయాణము ఆరంభమయ్యెను. ఒకే యింటిలో భర్త రైలెక్కగా, భార్య బస్సు కొరకు నిలుచుట వింత గాదు. ఆమె నవీనతకు విముఖురాలు గాదు. నెలజీతమును తూచి చూచినది, అంతియే. కాలమును మిగిల్చిన యంత్రము కూలిని మ్రింగినచో పేదకు మిగిలినదేమి?

కావున యంత్రమును దాని వేగముచే గాక, ఇంటి గడప మొదలు కర్మాగారపు వాకిలి వరకు అగు కాలముచే, వ్యయముచే కొలువవలయును. స్టేషనునుండి నాచారమునకు వేళకు తగిన చవుక బస్సులు కోరుట యంత్రద్వేషము గాదు. యంత్రమును ప్రజలదిగా జేయుటయే.