తల్లి నుండి బిడ్డకు సోకకుండ



గర్భవతికి హెచ్.ఐ.వి. ఉన్నదని తెలియగానే బిడ్డకును తప్పదని అనేకులు తలంచుచున్నారు. అది నిజము కాదు. గర్భమందును, కాన్పు సమయమందును, తల్లిపాల ద్వారాను ఇది బిడ్డకు సోకవచ్చును. చికిత్స లేనియెడల నూరుగురు బిడ్డలలో 15 మొదలు 45 మందికి సోకును. తల్లి ప్రతిదినము మందులు మ్రింగి, పుట్టిన బిడ్డకు వైద్యులు చెప్పినన్ని వారములు మందు పట్టినయెడల ఆ సంఖ్య 5కు లోపుగా తగ్గును. అట్టి తల్లి వైద్యుల సలహాపై తన పాలు ఇయ్యవచ్చును. మన దేశములో 2014 నుండి హెచ్.ఐ.వి. ఉన్న ప్రతి గర్భిణికి జీవితకాలపు మందులను ప్రభుత్వమే ఉచితముగా ఇచ్చుచున్నది.

మందు ఉన్నది. అయినను కొందరు తల్లులు ఎందుకు వెళ్లరు? ఇరుగుపొరుగువారి నోళ్లకు భయపడియే. భర్త వలన సోకిన స్త్రీ కూడ నింద తానే మోయుచున్నది. ఆమె సమ్మతి లేక ఆ సంగతి బయటపెట్టరాదని 2017 నాటి చట్టము చెప్పుచున్నది. చట్టము చెప్పకమునుపే ప్రేమ చెప్పవలసిన మాట అది.

కాబట్టి ఈ శతవార్షిక సంవత్సరమందు మనము రెండు తీర్మానములు చేసికొందము. మన యింటి ప్రతి గర్భిణిని, ఆమె భర్తతో కూడ, తొలి మాసములలోనే రక్తపరీక్షకు పంపుదము. మన చెవిని పడిన సంగతిని మన నోటనే ఆపుదము. మన మౌనము కూడ ఒక బిడ్డను కాపాడగలదు.