సంగీత పేటిక: దాని చిరకాల ఆకర్షణ



హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున, మాదాపూర్ రాతిగుట్టల నడుమ, 1998వ సంవత్సరము నవంబరు నెలలో నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయిగారు సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించిరి. దాని చుట్టును పెరిగిన ప్రాంతమే హైటెక్ సిటీ. గచ్చిబౌలి, కొండాపూర్, నానక్‌రామ్‌గూడలతో కూడిన యీ సైబరాబాదునకు తెలుగు గ్రామములనుండి వేలకొలది యువతీయువకులు ఉద్యోగములకై చేరుచున్నారు. వారి అరచేతిలోని ఫోను, కోరిన పాటను కోరిన క్షణమున వినిపించును. అయినను వారిలో కొందరు ఆదివారమునాడు ఎర్రగడ్డ సంతలోను, గురువారమునాడు జుమ్మేరాత్ బజారులోను తిరిగి, తాతలనాటి రేడియోగ్రాములను, రికార్డుప్లేయరు, రేడియో, క్యాసెట్టు మూడును ఒక్కచోట అమర్చిన స్టీరియోలను వెదకి కొనుచుందురు. అరచేత సమస్తమున్నవారు ఇద్దరు పట్టి మోయవలసిన పెట్టెను ఏల కోరవలెను? ఇది నగరవాసుల వేడుక మాత్రమే కాదు. అట్టి పెట్టెలు నేటికిని పల్లెటూళ్లలో పెక్కు ఇండ్ల అటకలమీద దుమ్ము పట్టియున్నవి గనుక, ఈ ప్రశ్న గ్రామములకును సంబంధించినదే.

మొదట ఈ వస్తువు పుట్టుకను గూర్చి కొంత తెలిసికొనవలెను. ఎడిసన్ మహాశయుడు 1877లో ధ్వనిని పట్టి నిలుపు ఫోనోగ్రాఫును నిర్మించెను. పదేండ్ల పిమ్మట, 1887లో, బెర్లినర్ అను నాతడు పళ్లెము వంటి రికార్డుతో గ్రామఫోనును కనిపెట్టెను. తొలినాటి గ్రామఫోనునకు విద్యుచ్ఛక్తితో పనిలేదు. కీ త్రిప్పినచో స్ప్రింగు బిగిసి రికార్డును త్రిప్పును. ముల్లు కదలికయే బాకాద్వారా ధ్వనియై వెలువడును. తరువాత రేడియో వచ్చెను. అందలి వాల్వులు సన్నని ధ్వనిని పెద్దదిగా చేయగలవు. ఆ వాల్వులకే, ఆ స్పీకరుకే రికార్డుముల్లును గూడ కలిపినచో ఒకే యంత్రము రెండు పనులు చేయును గదా! ఈ పొదుపు ఆలోచననుండియే రేడియోగ్రాము జన్మించినది.

హైదరాబాదునకు ఈ చరిత్రలో తగిన స్థానము కలదు. నిజాము ప్రభుత్వము 1935లో దక్కన్ రేడియోను తన యధీనములోనికి తెచ్చుకొనెను. 1950లో అది ఆకాశవాణిలో విలీనమాయెను. అంతకుముందే, 1948 డిసెంబరులో, విజయవాడ కేంద్రము ప్రారంభమై యుండెను. 1957లో వివిధభారతి వచ్చెను. సిలోను రేడియోలో మీనాక్షీ పొన్నుదొరైగారి స్వరముకొరకు తెలుగువారు షార్ట్‌వేవ్ మీద ముల్లును వెండ్రుకవాసి జరుపుచు కాచుకొని యుండెడివారు. రేడియో ఉంచుకొనుటకు లైసెన్సు రుసుము చెల్లించు పద్ధతి 1980వ దశకములో రద్దగువరకు సాగినది. ఇంటిలో రేడియో ఉండుట ఒక గౌరవము. రేడియోగ్రాము ఉండుట అంతకు మించిన గౌరవము.

ఆనాటి రేడియోగ్రామును చూచినవారు మరువలేరు. మెరుగు పెట్టిన కఱ్ఱపెట్టె, నాలుగు కాళ్లు, పైన మూత. ముందుభాగమున అద్దముపై ఢిల్లీ, సిలోను, లండను మున్నగు పేర్లు. స్టేషను సరిగా పట్టుబడినపుడు దగ్గరకు ముడుచుకొను పచ్చని వెలుగును మేజిక్ ఐ అనిరి. మూత తీసినచో రికార్డులను ఒకదాని వెనుక నొకటిగా తానే దించుకొను చేంజరు. హెచ్.ఎం.వి., మర్ఫీ, ఫిలిప్స్ అను పేర్లు ఇంటివారి పేర్లవలె నాలుకపై నాడెడివి.

రికార్డులు కూడ మారుచు వచ్చినవి. నిమిషమునకు 78 చుట్లు తిరుగు పాత రికార్డు లక్కతో చేసినది. ఆ లక్కకు ప్రపంచములో ముఖ్యమైన ఆకరము భారతదేశమే. దాని ఒక్కొక్క వైపున మూడు, నాలుగు నిమిషముల పాట మాత్రము పట్టెడిది. 1948లో అమెరికాలో వచ్చిన ఎల్.పి. రికార్డు ఒక్కొక్క వైపున ఇరువది నిమిషములకు పైగా పలికెను. బ్రిటనుకు చెందిన బ్లమ్లైన్ 1931లోనే స్టీరియో పద్ధతికి పేటెంటు కోరియుండెను. స్టీరియో రికార్డుల అమ్మకము మాత్రము 1958 నాటికి గాని విరివి కాలేదు. గాడికిగల రెండు గోడలలో ఒకదానియందు ఎడమచెవి ధ్వనిని, రెండవదానియందు కుడిచెవి ధ్వనిని చెక్కుట ఈ పద్ధతి కీలకము. ఒకే ముల్లు రెండు గోడలను తాకుచు రెండు ధ్వనులను వేరుపరచి రెండు స్పీకర్లకు పంపును.

ఫిలిప్స్ వారు 1963లో చిన్న క్యాసెట్టును లోకమునకు చూపిరి. 1970, 1980 దశకములలో కరీంనగరము, నిజామాబాదు, కడప, గోదావరి మండలములనుండియు, హైదరాబాదు పాతబస్తీనుండియు గల్ఫు దేశములకు వెళ్లినవారు సెలవులకు వచ్చునపుడు టూ-ఇన్-వన్‌లను, స్టీరియోలను తెచ్చుచుండిరి. ఎడారి యెండలో సంపాదించిన సొమ్ము ఆ రూపమున ఇంటి అరుగుమీదికి వచ్చి పలికెడిది. ఒకరు కొన్నది వీధివారందరికిని వినోదమయ్యెడిది.

ఇక ఆకర్షణకు కారణములను విచారింతము. మొదటిది సమగ్రత. ఒకే ప్లగ్గు, ఒకే మీట. వస్తువులను జతకూర్చు శ్రమ లేదు. చదువురాని అవ్వ కూడ స్టేషను గుర్తుపెట్టుకొని త్రిప్పగలిగెడిది. రెండవది, విప్పి చూడదగిన నిర్మాణము. వెనుకపలక తీసినచో వాల్వులు, తీగలు, కండెన్సర్లు కంటికి కనిపించును. పాడైన భాగమును మార్చి మరల పలికింపవచ్చును. హైదరాబాదు ఛత్తాబజారు వంటి చోట్ల పాత రేడియోలను బాగుచేయు పనివారు పేరు పొందుటకు ఇదియే కారణము. కోఠీ బ్యాంకు వీధిలో చిన్న చిన్న విద్యుత్పరికరములు చిల్లరగా దొరకుటయు వారికి తోడ్పడినది.

మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. ఈ పెట్టె ఒకచోట కదలక యుండును. పాట వినగోరువాడు దానియొద్దకు రావలెను. ఒకడు పెట్టిన రికార్డును గదిలోని వారందరును వినవలెను. తండ్రికి ప్రీతియైన పద్యము కుమారుని చెవినిబడును. కుమారుడు కోరిన సినిమాపాట తండ్రి చెవినిబడును. ఒకరి అభిరుచిని మరియొకరు సహించుట, క్రమముగా ప్రేమించుట ఇట్లు అలవడెడిది. నేడు ఒకే ఇంటిలో నలుగురు నాలుగు చెవియంత్రములు పెట్టుకొని నాలుగు లోకములలో నుందురు. హైటెక్ సిటీ యువకులు పాతపెట్టెను కోరుట వెనుక, దినమంతయు ఒంటరిగా తెరముందు కూర్చుండినవారి యాకలి ఒకటి కలదు. సాయంకాలము నలుగురు కలిసి వినవలెనను ఆకలి యది.

ఈ పెట్టెను అతిగా పొగడుటయు తగదు. ధ్వనిశుద్ధిలో విడివిడిగా కూర్చిన మేలైన పరికరములు దీనిని మించును. స్పీకరును, రికార్డు పళ్లెమును ఒకే పెట్టెలో నుండుటచే అదురు ముల్లునకు తగిలి గుమ్మను శబ్దము పుట్టును. కొన్నిటి చేయి బరువై రికార్డును అరగదీయును. అందుచేత ధ్వనియే సర్వస్వమనువారికి ఇది తగినది కాకపోవచ్చును. నలుగురి నడుమ వినవలెననువారికి ఇది తగినదే.

ఇందు తెలుగువారికి కలుగగల నష్టము ఒకటి చెప్పవలసియున్నది. కపిలవాయి రామనాథశాస్త్రిగారి వంటి రంగస్థల గాయకుల గళము, స్థానం నరసింహారావుగారి పాటలు, ఎందరో హరికథకుల, నాదస్వర విద్వాంసుల కచేరీలు లక్క రికార్డులమీదికి ఎక్కినవి. ఘంటసాలవారి భగవద్గీత వంటి ప్రసిద్ధ రికార్డులు కొత్త రూపములలోనికి మారి నిలిచినవి. అంత ప్రసిద్ధి పొందని రికార్డులలో కొత్త రూపము పొందనివి కలవు. వానిని పలికించు యంత్రము తుక్కు ధరకు పోయిననాడు, ఇంటిలో మిగిలిన రికార్డు ఒక నల్లని పళ్లెము మాత్రమే. అది క్రిందపడి పగిలిననాడు ఒక గళము శాశ్వతముగా మూగవోవును.

కావున అటకమీద అట్టి పెట్టె గలవారు కొన్ని జాగ్రత్తలు పాటింపవలెను. ఏండ్లతరబడి వాడని యంత్రమును నేరుగా ప్లగ్గునకు తగిలింపరాదు. కండెన్సర్లు ఎండి చెడియుండును. తెలిసిన పనివాడు మొదట సీరీస్ బల్బు ద్వారా కరెంటు నిచ్చి పరీక్షించును. బల్బు ప్రకాశముగా వెలిగి తగ్గకయున్నచో లోపల దోషమున్నదని గ్రహించును. ప్లగ్గు తీసినను వాల్వు సెట్టులో ప్రమాదకరమైన విద్యుత్తు కొంతసేపు నిలిచియుండును. తెలియనివారు చేయి పెట్టరాదు. 78 రికార్డు గాడి వెడల్పు, ఎల్.పి. గాడి సన్నము, కనుక ఒకదాని ముల్లును రెండవదానికి వాడరాదు. రికార్డులను ఒకదానిపై నొకటి పేర్చక, పుస్తకములవలె నిలువుగా, ఎండ తగులనిచోట నుంచవలెను. లక్క రికార్డును స్పిరిటుతో తుడువరాదు, లక్క కరగిపోవును.

పుస్తకము కొనలేనివానికి గ్రామ గ్రంథాలయము పుస్తకము నిచ్చుచున్నది. రేడియో లేనివానికి పంచాయతీ రేడియో ఒకనాడు వార్తలను, వ్యవసాయ విషయములను వినిపించెను. ఆ సంప్రదాయమునకు అనువుగా గ్రంథాలయములో ఒక మూల బాగుచేసిన రేడియోగ్రాము నొకదానిని నిలిపి, గ్రామస్థులు ఇచ్చిన రికార్డులకు పట్టిక వ్రాసి, వారమునకు ఒక సాయంకాలము అందరికిని వినిపించుట పెద్ద ఖర్చుతో గూడిన పని కాదు. పండుగకు హైటెక్ సిటీనుండి వచ్చు బిడ్డలు ఆ పాటలను కొత్త యంత్రములలోనికి ఎక్కించి భద్రపరుపగలరు. ఆ విద్య వారియొద్ద నున్నది. పాడినదెవరో, పద్యమే నాటకములోనిదో చెప్పగల వృద్ధులు గ్రామమున నున్నారు. ఆ వృద్ధులుండగనే ఈ పని జరుగుట మంచిది.