ఎంత వచ్చింది, ఎవరికి చేరింది?



పెద్దయ్యాక ఏమవుతారని అడిగితే మన పిల్లలు టీచరు, నర్సు, పోలీసు అంటారు. మంచి ఉద్యోగాలే. ఈరోజు మేము ఇంకో ఉద్యోగం గురించి చెప్పదలిచాం. అభివృద్ధి బ్యాంకులో పని. ఇది మనకు పాస్‌బుక్ ఇచ్చే బ్యాంకు కాదు. అనేక దేశాలు వాటాలు వేసుకుని పెట్టుకున్నది. రోడ్లకు, కరెంటుకు, సాగునీటికి ప్రభుత్వాలకు అప్పులిస్తుంది.

అలాంటి బ్యాంకును నడిపిన అకిన్‌వుమి అడెసినా 1960లో నైజీరియాలో పుట్టారు. తాత, తండ్రి పరుల పొలాల్లో కూలి చేసినవారు. ఆయన పల్లె బడిలో చదివారు. 1988లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో వ్యవసాయ ఆర్థికశాస్త్రంలో పీహెచ్‌డీ పొందారు.

తర్వాత స్వదేశంలో వ్యవసాయ మంత్రి అయ్యారు. అప్పటికి అక్కడ రైతుల పేరిట వచ్చే సబ్సిడీ ఎరువు చాలావరకు దళారుల పాలయ్యేది. ఇది మనకు తెలియని కథా? ప్రభుత్వమే ఎరువు కొని పంచే పద్ధతిని ఆయన ఆపించారు. సబ్సిడీ కూపన్‌ను రైతు ఫోనుకే పంపించారు. రైతు అది దుకాణంలో చూపించి ఎరువు తెచ్చుకున్నాడు.

2015 నుంచి 2025 వరకు ఆయన ఆఫ్రికా అభివృద్ధి బ్యాంకు అధ్యక్షుడు. 2019లో ఆ బ్యాంకు మూలధనాన్ని 9,300 కోట్ల డాలర్ల నుంచి 20,800 కోట్ల డాలర్లకు పెంచడానికి సభ్య దేశాలు ఒప్పుకున్నాయి. 2020లో ఆయనపై ఆరోపణలు వచ్చాయి. స్వతంత్ర పరిశీలన ఆయన పక్షాన తేల్చాక రెండోసారి ఎన్నికయ్యారు.

ఇంకో మాట కూడా చెప్పాలి. బ్యాంకు ఇచ్చే అప్పు ఒక చోట డ్యామ్ అయితే, ఇంకో చోట ఎవరి ఊరో మునుగుతుంది. సర్దార్ సరోవర్‌కు ప్రపంచ బ్యాంకు అప్పిచ్చింది. నర్మద లోయలో ఆదివాసులు, రైతులు ఎదురు నిలిచారు. 1993లో మిగిలిన అప్పు ఆగిపోయింది. బాధితులు నేరుగా ఫిర్యాదు చేసుకునే తనిఖీ ప్యానెల్‌ను ఆ బ్యాంకు అదే ఏడాది ఏర్పాటు చేసింది.

బయట నిలబడి అడగడం మనవాళ్లకు వచ్చు. ఫైలు రాసే గదిలోనూ మనవాళ్లు ఉండాలి. అందుకే లెక్కలు, ఆర్థికశాస్త్రం మనకెందుకని వదిలేయకండి. ఇంటికెళ్లాక మీ ఊరికి వచ్చిన ఒక్క పథకం తీసుకోండి. ఎంత మంజూరైంది, ఎవరి చేతికి ఎంత చేరింది, ఒక నోటుబుక్కులో రాయండి. వచ్చే సమావేశానికి ఆ నోటుబుక్కు తీసుకురండి. కలిసి చదువుదాం.