నడుము నొప్పి - మన వంతు



పంజగుట్టలోని నిమ్స్ తొలుత నిజాం ఎముకల ఆసుపత్రి. నగరమున పాతకాలమువారు దానిని బొక్కల దవాఖానా అనియే పిలుతురు. ఇరుగుపొరుగైన ఖైరతాబాదు, అమీరుపేటలలో నడుము నొప్పి మాట వచ్చినచో మొదట తలపునకు వచ్చునది అదియే.

మూడు నెలలు దాటిన నొప్పిని దీర్ఘకాలికమందురు. ఫిజియోథెరపీ నిపుణుని చెంత మనము గడపునది ఏ అరగంటయో. మిగిలిన దినమంతయు నడుము మన చేతిలోనే యున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో ఇట్టి నొప్పికి వ్యాయామమును సిఫారసు చేసి, నడుముకు బెల్టు కట్టుటను, బరువు కట్టి లాగుటను మామూలు చికిత్సగా వలదన్నది. మంచము పట్టినకొలది కండరములు బిగిసి బలము తగ్గును గదా!

వెల్లకిల పరుండి, ఒక మోకాలిని చేతులతో రొమ్ము వైపునకు మెల్లగా తెచ్చి, 20 సెకండ్లు నిలిపి వదలుడు, పిమ్మట రెండవది. ఇట్లు మూడేసి సార్లు. ఊపిరి బిగబట్టరాదు, కుదుపరాదు. కండరము సాగుచున్నట్లు తోచవలెను గాని పోటు పుట్టరాదు. ఇది మీకు తగునో లేదో నిపుణుని అడిగియే ఆరంభింపుడు. సాగదీత ఒక్కటియే చాలదు. నడకయు, బలము నిచ్చు వ్యాయామమును తోడు కావలెను.

కాలు చచ్చుబడినను, మలమూత్రములపై అదుపు తప్పినను వ్యాయామము మాని తక్షణమే ఆసుపత్రికి పోవలెను.

నొప్పి తగ్గిన వారమే చాప చుట్టి అటకపై పెట్టువారు పెక్కురు. మేము కోరునది ఒక్కటే: ఆ చాపను అందుబాటులోనే ఉంచుకొనుడు.