రెండొందల యూనిట్లు, రేకుల ఇల్లు



ఎండాకాలం ఇల్లు చల్లగా ఉంచుకోవడానికి ఎంతవుతుందో లెక్క వేద్దాం. తెలంగాణలో ఒక ఎస్సీ కాలనీ, రేకుల కప్పు, రెండు గదులు అనుకోండి.

పాతరకం సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు. అలాంటివి రెండు రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు 54 యూనిట్లు. 200 వాట్ల కూలర్ అన్నే గంటలు నడిస్తే 72. ఫ్రిజ్, టీవీ, లైట్లకు ఇంకో 60 వేసుకుందాం. మొత్తం 186. 2024 మార్చిలో మొదలైన గృహజ్యోతి కింద బిల్లు సున్నా.

మే నెలలో ఆ రేకు కింద పగలు కూర్చోలేం. కూలర్ ఇంకో ఐదు గంటలు పెడతాం. 216 యూనిట్లు. ఇప్పుడు 16 యూనిట్లకే బిల్లు రాదు, మొత్తానికీ వస్తుంది. 200 యూనిట్లకు రూ.5.10 చొప్పున 1,020, మిగతా 16కు రూ.7.70 చొప్పున 123. ఫిక్స్‌డ్ చార్జీలు వేరే. చెట్ల నీడ, గాలాడే వరండా ఉంటే ఇదే కుటుంబం 200 లోపే ఆగేది. ఊరి చివర, గోడకు గోడ ఆనించి మనవాళ్లకు జాగాలిచ్చిన చరిత్రే ఈ బిల్లుగా వస్తోందని నా వాదన.

ఏసీ మాట వదిలేయండి, టన్నున్నరది పూర్తిగా నడిస్తే గంటకు దాదాపు యూనిట్నర. పేదవాడికి కూలర్ చాలంటారు. కానీ అది నీళ్లు తాగుతుంది. ట్యాంకర్ దగ్గర బిందె పట్టేది ఆడవాళ్లే, ఆ ఖర్చు ఏ మీటరూ చూపదు. పైగా గాలి బయటికి పోయే దారి లేని గదిలో కూలర్ చల్లదనం కన్నా ఉక్కే ఎక్కువ ఇస్తుంది.

30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు వేస్తే 54 యూనిట్లు 22 అవుతాయి. అప్పుడు మే నెలలోనూ 200 దాటదు. ఫ్యాన్ ధర మాత్రం ఎక్కువ, రోజుకూలీ మీద బతికే ఇంట్లో ఒకేసారి ఎక్కడ తేవాలి?

ఇంకా చవకైనది కప్పుకు తెల్ల పూత. 2023లో రాష్ట్రం కూల్ రూఫ్ విధానం తెచ్చింది. సొంత ఇళ్లలో 600 గజాలు, ఆపైన ఉన్నవాటికే అది తప్పనిసరి, చిన్నవాళ్లకు ఇష్టముంటే. మన కాలనీల్లో 600 గజాలు ఎవరికున్నాయి?

1942 నుంచి 46 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడిగా ఉన్న బాబాసాహెబ్ చవకగా, పుష్కలంగా కరెంటు ఉండాలని వాదించారు. మనం అడగాల్సింది దాని కొనసాగింపే: ఏప్రిల్, మేలలో 200 దాటిన యూనిట్లకే బిల్లు, కాలనీ కప్పులకు ప్రభుత్వ ఖర్చుతో పూత.

మీ మార్చి, మే బిల్లులు ఉంటే పేర్లు కొట్టేసి ఇవ్వండి. పక్కపక్కన పెట్టి చూద్దాం.