సంబళం ఎంత అడగాలి?

చిక్కబళ్ళాపురం, చింతామణి, బాగేపల్లి పక్కనుంచి ఐటీఐ, డిప్లొమా, డిగ్రీ ముగించిన మన పిల్లలు దేవనహళ్ళి, బెంగళూరు ఫ్యాక్టరీలకు ఇంటర్వ్యూకు పోతుంటారు. అక్కడ చివర్లో ఒక ప్రశ్న వస్తుంది. సంబళం ఎంత కావాలి? "మీరెంతిస్తే అంతే సార్" అని చాలామంది చెప్పి వచ్చేస్తారు. అది వినయమే గానీ లెక్క కాదు.

పోయే ముందే ఇంట్లో కూర్చుని ఖర్చు రాసుకోండి. ఉదాహరణకు గది బాడిగలో మీ వంతు 4,500, భోజనానికి 4,500, బస్సుకు, ఫోనుకు 1,500, ఇంటికి పంపేది 5,500 అనుకుందాం. మొత్తం 16,000 రూపాయలు. (ఆడపిల్లలకు 2023 జూన్ నుంచి శక్తి యోజన కింద కర్ణాటక సాధారణ సర్కారు బస్సుల్లో టికెట్టు లేదు కాబట్టి, వాళ్ళకు ఈ లెక్క కొంచెం తగ్గుతుంది.)

ఇప్పుడు కంపెనీవారు "సీటీసీ నెలకు 20,385" అన్నారనుకోండి. సీటీసీ అంటే మీమీద కంపెనీకి అయ్యే మొత్తం ఖర్చు. అందులో మూలవేతనం, కరువుభత్యం కలిపి 15,000, ఇతర భత్యాలు 3,000. మిగిలింది పీఎఫ్‌కు కంపెనీ కట్టే 1,800, ఈఎస్ఐకి కట్టే 585. ఉన్న 18,000లో మళ్ళీ మీ వంతు పీఎఫ్ 1,800, ఈఎస్ఐ 135 పట్టుకుంటారు. చేతికొచ్చేది 16,065. అంటే ఖర్చు పోను మిగిలేది అరవై అయిదు రూపాయలు! పీఎఫ్ మీ డబ్బే, ఎక్కడికీ పోదు. కానీ దానితో ఈ నెల బాడిగ కట్టలేరు కదా.

చేతికి 18,000 రావాలంటే, ఇదే లెక్కన సీటీసీ సుమారు 22,400 ఉండాలి. కాబట్టి అంకె చెప్పేముందు "ఇది చేతికా, సీటీసీయా? ఇందులో ఓవర్‌టైం కలిసిందా?" అని అడగండి. అడిగితే ఉద్యోగం పోతుందని భయపడేవాళ్ళున్నారు. మర్యాదగా అడిగిన ప్రశ్నకు ఎవరూ కోపగించరు. కోపగించే చోట చేరడం గురించి ఇంకోసారి ఆలోచించాలి.

2007 దాకా మనదీ కోలారు జిల్లానే. ఆ కోలారు జిల్లాలోని నరసాపురలో, విస్ట్రాన్ ఐఫోన్ ఫ్యాక్టరీలో 2020 డిసెంబరు 12న పెద్ద గొడవ జరిగింది. 21,000 అని చెప్పి చేర్చుకుని, తరువాత 16,000కు, ఆపైన 12,000కు దించారని కార్మికులు చెప్పినట్టు పత్రికల్లో వచ్చింది. కొందరికి సంబళం సరిగా, సకాలంలో అందలేదని కంపెనీ కూడా ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. అద్దాలు పగలగొట్టడం తప్పే. అయితే అక్కడ చాలామంది ఏజెన్సీల ద్వారా చేరినవాళ్ళన్నది మనం గమనించాలి.

ఏజెన్సీ ద్వారా చేరేవాళ్ళు సంబళం ఇచ్చేది ఎవరో, ఏ తేదీన ఇస్తారో, ఎన్ని గంటల పనికో ఆర్డరు కాగితంలో రాయించుకోండి. ఆ పనికి సర్కారు నిర్ణయించిన కనీస వేతనం ఎంతో కార్మిక శాఖ కార్యాలయంలో ముందే అడిగి తెలుసుకోండి. కరువుభత్యం ప్రతి ఏప్రిల్‌లో మారుతుంది గనుక పాత అంకె పట్టుకుని పోవద్దు.