చిత్రదర్శకుని వ్రాతప్రతులు – ఉత్తరములు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ఉపన్యాసము)



వ్రాతప్రతులను సేకరించుట తెలుగువారికి క్రొత్తవిద్య కాదు. చార్లెస్ ఫిలిప్ బ్రౌను వేమన పద్యముల తాళపత్రములను సంపాదించి, పాఠములను సరిపోల్చి, 1829లో ప్రకటించెను. అట్టి శ్రద్ధయే చలనచిత్ర దర్శకుల కాగితములయందును చూపవలెనని నేడు మనవి చేయదలచితిని. సినిమాకును గ్రంథాలయమునకును ఏమి పొత్తని కొందరడుగవచ్చును. సత్యజిత్ రాయ్ గారి పుస్తకముల వృత్తాంతమే దానికి సమాధానము.

వంగదేశపు వర్తకులు పద్దులు వ్రాసికొను ఎఱ్ఱగుడ్డ అట్టల పుస్తకములున్నవి. రాయ్ గారు (1921–1992) తమ చిత్రములకు వలసినదంతయు వానిలోనే వ్రాసికొనెడివారు. సంభాషణలు, పాత్రల వేషములు, గదుల అమరిక, కెమేరా ఉండవలసిన చోటు, సంగీతపు స్వరములు సైతము వానియందు కానవచ్చును. తెరపై మనము చూచునది తుది నిర్ణయము మాత్రమే. దానికి ముందు ఆయన ఏమి తలచెనో, దేనిని విడిచెనో, కొట్టివేసిన పంక్తియు, అంచున గీచిన బొమ్మయు తెలుపును.

ఆయన ప్రథమచిత్రము ‘పథేర్ పాంచాలి’ 1955లో వెలువడెను. దానికి సంపూర్ణమైన స్క్రిప్టు లేదు. వరుసగా గీచిన బొమ్మలును, కొన్ని వ్రాతలును మాత్రమే యుండెను. వానిని చూపియే ఆయన నిర్మాతలకు కథ వినిపించిరి. 1993లో లండనులోని ఒక ప్రయోగశాలలో అగ్నిప్రమాదము జరిగి ఈ చిత్రపు మూల నెగటివు కాలి చెడిపోయినది. అయినను మిగిలిన భాగములను బాగుచేసి, లోపించిన తావులను ఇతర ప్రతులతో పూరించి, 2015లో చిత్రమును మరల ప్రదర్శించిరి. ఫిలిముకు పెక్కు ప్రతులుండుటచేతనే అది సాధ్యమైనది.

బొమ్మల పుస్తకమునకా భాగ్యము లేదు. రాయ్ గారు దానిని పారిసులోని సినిమాతెక్ ఫ్రాన్సేజ్ సంస్థకు బహూకరించిరి. తరువాత కుటుంబమువారు విచారింపగా అది కనబడలేదు. స్కాను చేసిన నకలు దొరకుటచే 2016లో అచ్చువేయగలిగిరి. ఆ నకలే లేకున్న మనకేమి మిగిలియుండెడిది? దానమిచ్చుటకు ముందే నకలు తీయవలెనన్నది దీనివలన నేర్వదగిన మొదటి పాఠము.

ఉత్తరముల విషయమున మరియొక చిక్కు కలదు. దర్శకునకు వచ్చిన ఉత్తరములు ఆయన యింటనుండును. ఆయన వ్రాసినవి పదిమంది యిండ్లలో చెదరియుండును. ఒక వైపువి మాత్రమే చేర్చినచో సగము సంభాషణయే వినిపించును. కావున మిత్రులను, నటులను, రంగములు కట్టిన పనివారిని, సంగీతజ్ఞులను కూడ అడుగవలెను. కాగితములు వచ్చిన క్రమమును మార్చరాదు. పెన్సిలు గుర్తులను చెరుపరాదు. చినిగినచోట జిగురుకాగితము అంటింపరాదు. ఉత్తరముతోబాటు కవరును కూడ దాచవలెను. తపాలాముద్ర తేదీని చెప్పును. కాగితము మన బీరువాలోనున్నను దానిని ప్రచురించు హక్కు వ్రాసినవారిదియు, వారి వారసులదియు. ఈ భేదమును మరువరాదు.

మన గ్రామమున సినిమా దర్శకుడు లేకపోవచ్చును. అయినను నాటకసమాజమువారి ప్రతులుండును; వాని అంచులలో ప్రయోక్త వ్రాసిన సూచనలుండును. హరికథకులు స్వహస్తముతో వ్రాసికొన్న పుస్తకములుండును. ఇల్లు మార్చునపుడో, పెద్దలు గతించినపుడో ఇవి తూకమునకు పోవుచున్నవి. వానికొరకు ఈ గ్రంథాలయమున ఒక బీరువాను, ఒక పట్టిక పుస్తకమును కేటాయింపుడని కార్యవర్గమువారిని ప్రార్థించుచున్నాను. స్వర్ణోత్సవమునాటికి ఆ పట్టిక నిండియుండుగాక!